వార్డులో వినిపించే ఇంగ్లీషు: యార్క్‌షైర్ వెళ్ళిన ఒక తెలుగు నర్సు కేస్ స్టడీ

ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్షలో బి గ్రేడు తెచ్చుకున్న నర్సుకి పేషెంటు మాట అర్థం కాలేదంటే చాలామంది యాస మీదికి నెట్టేస్తారు. నా దగ్గరికి వచ్చే కేసుల్లో యాస గొడవ కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. చెవి అలవాటు పడుతుంది. సర్దుకోనిది ఇడియమ్. అక్కడ పదాలన్నీ స్పష్టంగానే వినబడతాయి, ఒక్కొక్కటీ చిన్నప్పటి నుంచి తెలిసిన పదమే. అర్థం మాత్రం ఇంకెక్కడో ఉంటుంది. యాస అర్థం కానప్పుడు అర్థం కాలేదని మనకి తెలుస్తుంది. ఇడియమ్ దగ్గర అదీ తెలియదు.

గుంటూరులో ఉండి నర్సులకి పనికొచ్చే ఇంగ్లీషు నేర్పడం నా వృత్తి. పరీక్షకి ముందు వచ్చేవాళ్ళు కొందరు, బ్రిటన్‌లో ఉద్యోగంలో చేరాక ఆన్‌లైన్‌లో వచ్చేవాళ్ళు కొందరు. ఈ కేసు రెండో రకం. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆసుపత్రి పేరు చెప్పడం లేదు. పేషెంట్ల వివరాలు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

ఎవరు, ఏ పరిస్థితిలో వచ్చారు

ఆమెది ఖమ్మం జిల్లా. బీఎస్సీ నర్సింగ్ తర్వాత హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ఐసీయూలో పనిచేశారు. బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ ఇచ్చే ఎన్‌ఎంసీ, ఐఈఎల్‌టీఎస్‌తో పాటు 2017 నుంచి ఓఈటీని కూడా ఒప్పుకుంటోంది. చదవడం, వినడం, మాట్లాడడంలో బి, రాయడంలో సి ప్లస్ ఉంటే చాలు. ఆమెకి నాలుగింటిలోనూ బి వచ్చింది. అక్కడికి వెళ్ళాక ప్రాక్టికల్ పరీక్ష ఓస్కీ కూడా గట్టెక్కారు. పోస్టింగ్ యార్క్‌షైర్‌లో, వృద్ధుల వార్డులో.

ఓఈటీ మీద నాకు గౌరవమే. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో వైద్యరంగం వాళ్ళ కోసమే తయారుచేసిన పరీక్ష అది. రోల్ ప్లేలో పేషెంటుతో మాట్లాడిస్తారు, లిజనింగ్‌లో కన్సల్టేషన్లు వినిపిస్తారు. కానీ పరీక్షలో పేషెంటు వరసగా, అర్థమయ్యేట్టు చెప్తాడు. వార్డులో తొంభై ఏళ్ళ ముసలాయన కట్టుడుపళ్ళు గిన్నెలో పెట్టుకుని, సగం నిద్రలో చెప్తాడు.

చేరిన కొత్తలో ఆమెని చూసుకునే సీనియర్ నర్సు ఒక మాటన్నారు: పనిలో చాలా గట్టి మనిషి, కానీ పేషెంట్లు నోటితో చెప్పే లక్షణాలు పైవాళ్ళ దాకా తేవడం లేదు. మానిటర్‌లో కనబడే ప్రతిదీ పట్టుకుంటున్నారు, మాటల్లో వచ్చేది జారిపోతోంది. ఐసీయూ నుంచి వచ్చిన మనిషికి ఇది సహజమే. అక్కడ సగం మంది వెంటిలేటర్ మీద ఉంటారు, మాట్లాడేది యంత్రాలే.

ఆమె నన్ను అడిగింది ఇడియమ్స్ లిస్టు. ఎవరో పంపిన వెయ్యి ఇడియమ్స్ పీడీఎఫ్ అప్పటికే ఫోన్‌లో ఉంది. రోజుకి ఇరవై చొప్పున బట్టీ కొడుతున్నారు. "రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్" దగ్గర మొదలై "వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్" మీదుగా సాగే లిస్టు. మన స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్ల గోడల మీద కనబడేదీ అదే సరుకు. ఆ పీడీఎఫ్ నేనూ తిరగేశాను. అందులో వార్డుకి పనికొచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఏం జరిగింది

లిస్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు జరిగినవి చెప్పండి అన్నాను. మొదటి రెండు సెషన్లూ దానికే పోయాయి. అందులో ఒకటి వివరంగా చెప్పాలి.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన పెద్దాయన, ఎనభై దాటినవారు. వాకింగ్ ఫ్రేమ్ పట్టుకుని బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఈమె మందుల ట్రాలీతో అటు వెళ్తుంటే ఆయన అన్నమాట: "హ్యాడ్ ఎ బిట్ ఆఫ్ ఎ ఫన్నీ టర్న్ ఇన్ దేర్, లవ్. మస్ట్‌న్ట్ గ్రంబుల్." ఈమెకి "ఫన్నీ" వినబడింది. ఆయన మొహం మీద చిరునవ్వు కూడా ఉంది. "ఓ, దట్స్ నైస్" అని తనూ నవ్వి పక్క బెడ్‌కి వెళ్ళిపోయారు.

పక్క బెడ్ దుప్పటి మారుస్తున్న హెల్త్‌కేర్ అసిస్టెంటు అక్కడికక్కడే పని ఆపి బీపీ మిషన్ తెచ్చింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూసింది. పై రీడింగ్ 20 పాయింట్లు పడిపోతే చాలు, లేచి నిలబడితే బీపీ పడిపోయే సమస్య ఉందని లెక్క. ఆయనకి అంతకన్నా ఎక్కువే పడింది. డాక్టర్ వచ్చి బీపీ మాత్రలు సరిచేశారు. ఆయనకి ఏమీ కాలేదు. కానీ ఇంకోసారి అదే బాత్రూమ్‌లో కళ్ళు తిరిగి పడి ఉంటే రెండో తుంటి కూడా పోయేది.

"ఫన్నీ టర్న్" అంటే ఉన్నట్టుండి కళ్ళు తిరగడం, తూలిపోవడం, క్షణం పాటు ఏదో అయిపోయినట్టు అనిపించడం. మన పెద్దవాళ్ళు "కళ్ళు బైర్లు కమ్మాయి" అనేది దీనికి దగ్గర. వెనక ఉన్నది తక్కువ బీపీ కావచ్చు, గుండె లయ తప్పడం కావచ్చు, చిన్నపాటి స్ట్రోక్ కావచ్చు. వృద్ధుల వార్డులో ఈ మాట చెవిన పడితే చేతిలో పని ఆపాల్సిందే. "మస్ట్‌న్ట్ గ్రంబుల్" అంటే సణగకూడదులే అని. ఫిర్యాదు చెయ్యనంటూనే ఉన్న సంగతి చెప్పెయ్యడం ఆ తరం ఇంగ్లీషువాళ్ళ పద్ధతి.

మిగతా సంఘటనలు చిన్నవే, కానీ అన్నిట్లోనూ ఇదే దోషం కనబడింది. డ్యూటీ మారేటప్పుడు అసిస్టెంటు "హీజ్ బీన్ సిక్ ట్వైస్" అంటే ఈమె ఆయనకి ఒంట్లో బాగాలేదనుకున్నారు. బ్రిటన్‌లో "బీన్ సిక్" అంటే వాంతి చేసుకున్నాడని. ఒంట్లోకి ఎంత నీరు వెళ్ళింది, ఎంత బయటికొచ్చింది రాసే ఫ్లూయిడ్ చార్టులోకి ఆ రెండు వాంతులూ ఎక్కలేదు. ఒక కూతురు సాయంత్రం ఫోన్ చేసి "హ్యాజ్ డాడ్ హ్యాడ్ హిజ్ టీ?" అంటే తాగారని చెప్పారు. మూడింటికి ఆయన కప్పు టీ తాగడం కళ్ళారా చూశారు మరి. ఉత్తర ఇంగ్లండ్‌లో "టీ" అంటే సాయంత్రం భోజనం, "డిన్నర్" అంటే మధ్యాహ్న భోజనం. ఆయన షుగర్ పేషెంటు. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసే మనిషి విషయంలో ఈ తేడా ఏమిటో నర్సులకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకోటి "పూర్లీ". ఇది విన్నప్పుడు ఆమెకి ఏదో పని సరిగ్గా చెయ్యలేదని అన్నట్టు తోచేది. ఇంట్లో పిల్లాడు పూర్లీ అంటే నలతగా ఉన్నాడని. అదే మాట డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో "బెడ్ ఫోర్ ఈజ్ క్వైట్ పూర్లీ" అని వస్తే ఆ మనిషి పరిస్థితి బాగా లేదని, ముందు అటు చూడమని. "హి ఈజ్ గోయింగ్ ఆఫ్" అంటే ఎక్కడికో వెళ్తున్నాడని కాదు, దిగజారిపోతున్నాడని. "ఆఫ్ లెగ్స్" అంటే నిన్నటి దాకా నడిచిన ముసలివాళ్ళు ఇవాళ కాలు కింద పెట్టలేకపోతున్నారని. అక్కడి డాక్టర్లు అడ్మిషన్ నోట్స్‌లో కూడా అలాగే రాస్తారు.

నాకు కనబడింది

ఇక్కడ చాలామంది ట్రైనర్లు పదజాలం తక్కువని రాసి లిస్టు చేతిలో పెడతారు. నేను ఆమెని వేరే పని చెయ్యమన్నాను. ఖమ్మంలో, హైదరాబాద్‌లో మన పేషెంట్లు ఎలా చెప్పేవాళ్ళో గుర్తుచేసుకుని రాయండి అన్నాను. పేజీ నిండింది. "పాణం బాగలేదు." "కడుపులో దేవుతోంది." "కాలు తిమ్మిరెక్కింది." "ఒంటికి పోవాలి", "రెంటికి పోవాలి." "గుండెల్లో దడదడ." "ఒళ్ళంతా పచ్చిపుండు లెక్కుంది." కోడలి గురించి అత్త చెప్పే "నీళ్ళోసుకుంది."

ఇవేవీ తిన్నగా చెప్పే మాటలు కావు. నీళ్ళోసుకుంది అంటే గర్భవతి అని తెలుగు రాని మనిషి ఎలా ఊహిస్తారు? హైదరాబాద్ ఆసుపత్రుల్లో చేరే మలయాళీ నర్సులు ఇవన్నీ ఇక్కడికొచ్చే నేర్చుకుంటారు, ఎవరూ పీడీఎఫ్ ఇవ్వరు.

అప్పుడు ఆమెని అడిగాను: "పాణం బాగలేదు అని ఒక అవ్వ అంటే మీరేం చేస్తారు?"

"ఏమైంది అవ్వా, ఎక్కడ బాగలేదు, జ్వరమా, ఆయాసమా అని అడుగుతా మేడమ్."

"ఫన్నీ టర్న్ అన్నాయన్ని ఎందుకు అడగలేదు?"

కాసేపు ఆలోచించి ఆమె చెప్పిన జవాబులోనే కేసు మొత్తం ఉంది. అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారని భయం. తెలుగులో ఎదురుప్రశ్న వెయ్యడం నర్సు పని. ఇంగ్లీషులో అదే ప్రశ్న వేస్తే తన లోపం బయటపడుతుందని ఆమె లెక్క. అందుకే తెలియని మాట వచ్చినప్పుడల్లా తల ఊపి, నవ్వి, ముందుకి వెళ్ళిపోతున్నారు. ఐసీయూలో ఏళ్ళ తరబడి సాధించిన పరిశీలన ఆ తల ఊపుడు దగ్గర ఆగిపోతోంది.

కాబట్టి నా నిర్ణయం ఇది: అర్థాలు నేర్పడం రెండో పని. ఎదురుప్రశ్నని తిరిగి తేవడం మొదటి పని. వెయ్యి ఇడియమ్స్ నేర్చుకున్నా వెయ్యిన్నొకటోది రేపు ఉదయం వస్తుంది. ఆ అవ్వని అడిగినట్టే ఈయన్నీ అడగడం అలవాటైతే ఏ ఇడియమ్ అయినా ఒక ప్రశ్నతో విడిపోతుంది.

ఏం చేశాం

పీడీఎఫ్ తీసేయించాను. చిన్న పాకెట్ నోట్‌బుక్ పెట్టుకోమన్నాను. అందులో పేషెంటు పేరు, బెడ్ నంబరు లాంటివేవీ ఉండకూడదు, విన్న మాట మాత్రమే. పక్కన ఎవరన్నారు (పేషెంటా, బంధువా, స్టాఫా), అప్పుడు ఆమె ఏం చేశారు, చివరికి తేలిందేమిటి. బాధ్యత ఉన్న పనిలో ఇడియమ్‌కి అర్థం రాసుకోవడం కన్నా అది వినగానే ఏం చెయ్యాలో రాసుకోవడం మేలని నా అభిప్రాయం.

వచ్చిన మాటల్ని ప్రతి వారం మూడు కుప్పలు పోశాం.

మొదటి కుప్ప వెంటనే కదలాల్సినవి. ఫన్నీ టర్న్. "ఐ హావ్ కమ్ ఓవర్ ఆల్ ఫెయింట్." "ఐ కాంట్ క్యాచ్ మై బ్రెత్." ఛాతీ మీద ఏనుగు కూర్చున్నట్టుంది అనే మాట, అది ఇంగ్లీషులోనూ ఉంది. "షి ఈజ్ నాట్ హర్‌సెల్ఫ్ టుడే" అని కూతురు చెప్పే మాట కూడా ఇక్కడే. వినడానికి మామూలుగా ఉంటుంది, కానీ ముసలివాళ్ళలో కొత్తగా వచ్చిన తికమకని మొదట పసిగట్టేది ఇంటివాళ్ళే. బ్రిటన్ ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రుల్లో పేషెంటు దిగజారడాన్ని ముందే పసిగట్టడానికి వాడే న్యూస్ 2 స్కోరులో, 2017 సవరణ తర్వాత, కొత్తగా వచ్చిన తికమకకి ఒక్కదానికే మూడు పాయింట్లు పడతాయి. కూతురు చెప్పే ఆ ఒక్క ముక్కని ఆమె పట్టుకుంటే అది స్కోరులోకి వెళ్తుంది, లేకపోతే లేదు.

రెండో కుప్ప శరీరం అవసరాలవి. వీటిలో సిగ్గు ఉంటుంది కాబట్టి ఏ భాషలోనైనా డొంకతిరుగుడే. "స్పెండ్ ఎ పెన్నీ" అంటే ఒంటేలుకి వెళ్ళాలని. పబ్లిక్ టాయిలెట్ తలుపుకి పెన్నీ వేస్తే తెరుచుకునే తాళాలుండేవి, అక్కడి నుంచి వచ్చింది. 1851లో లండన్ హైడ్ పార్కులో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో జార్జ్ జెన్నింగ్స్ పెట్టిన మరుగుదొడ్లకి కూడా పెన్నీయే రేటు. 1971లో పాత నాణేల లెక్కే మారిపోయింది, ముసలమ్మల నోట్లో మాత్రం ఆ పెన్నీ ఇంకా చెల్లుతోంది. ఇది తెలియకపోతే డబ్బులు కావాలేమోనని హ్యాండ్‌బ్యాగ్ వెతికిపెడతాం, ఈలోపు పక్క తడుస్తుంది. "వాటర్‌వర్క్స్" అంటే మూత్రం సంగతులు. "బంగ్డ్ అప్" అంటే మలబద్ధకం, కొన్నిసార్లు ముక్కు దిబ్బడ కూడా. "ద రన్స్" అంటే విరేచనాలు. "విండ్" అంటే మనవాళ్ళు గ్యాస్ ట్రబుల్ అనేది. "నంబర్ వన్, నంబర్ టూ" దగ్గర ఆమె పకపకా నవ్వారు. ఒంటికి, రెంటికి అనేవాళ్ళు అక్కడా ఉన్నారన్నమాట.

మూడో కుప్ప ఊరికే అనేవి. "రైట్ యాజ్ రెయిన్", "కాంట్ కంప్లెయిన్", వాతావరణం మీద వచ్చే సవాలక్ష మాటలు. వీటికి నవ్వితే చాలు. "కిక్ ద బకెట్" లాంటివి తమాషాగా వాళ్ళు అనుకోవచ్చు గానీ మనం అనకూడదు. "బాల్చీ తన్నేశాడు" అని మనం పేషెంటు కొడుకుతో అంటామా? నేర్చుకునే ప్రతి ఇడియమ్‌నీ వాడి చూపించాలనే ఉబలాటం మన క్లాసుల్లో బాగా ఉంది. నర్సుకి అర్థమైతే చాలు, అనక్కర్లేనివే ఎక్కువ.

ఎదురుప్రశ్న కోసం ఒకే ఒక అచ్చు ఇచ్చాను: పేషెంటు అన్న మాటనే తిరిగి అనడం, రెండు దారులు చూపించడం. "యూ సెడ్ ఎ ఫన్నీ టర్న్. డిజ్జీ, ఆర్ ఫీలింగ్ సిక్?" ఇలా అడిగితే ఇంగ్లీషు రాని మనిషిలా అనిపించరు, శ్రద్ధగా వినే నర్సులా అనిపిస్తారు. పైగా అక్కడ పుట్టి పెరిగిన నర్సులూ ఇలాగే అడుగుతారు, ఎందుకంటే "ఫన్నీ" అంటే ఆ పెద్దాయనకి ఏమిటో వాళ్ళకీ తెలియదు. ఈ మాట చెప్పాక ఆమె భుజాలు కిందికి దిగడం స్క్రీన్ మీద కనబడింది. ఇక చార్టులో రాసేటప్పుడు అనువదించొద్దన్నాను. పేషెంటు మాట కోట్స్‌లో ఉన్నదున్నట్టు పెట్టి, పక్కన తను చూసిన బీపీ, నాడి రాయమన్నాను. అర్థం తప్పు పట్టినా మాట దక్కుతుంది, తర్వాత చూసే డాక్టరు సరిగ్గా పట్టుకుంటాడు.

తగ్గించి చెప్పే జబ్బు

ఇడియమ్ కన్నా మొండిది ఇది. "నాట్ టూ బ్యాడ్", "బిట్ సోర్", "బిట్ ఆఫ్ ఎ ట్వింజ్". మన దగ్గర నొప్పి పదిలో నాలుగుంటే చచ్చిపోతున్నా అంటారు. అక్కడ ఎనిమిదున్నా "బిట్" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, ఎవరి కొలత వాళ్ళది.

ఆమెకి చెప్పిన ఉదాహరణ యుద్ధంలోది. 1951 ఏప్రిల్‌లో కొరియాలో ఇమ్జిన్ నది దగ్గర చైనా సేనలు బ్రిటిష్ బ్రిగేడ్ మీద విరుచుకుపడ్డాయి. బ్రిగేడియర్ టామ్ బ్రోడీ తన పై అధికారి అయిన అమెరికన్ జనరల్‌కి పరిస్థితి "ఎ బిట్ స్టికీ" అని చెప్పాడు. ఇంగ్లీషువాడి చెవికి అది ప్రాణాల మీదికొచ్చిందని. అమెరికన్ చెవికి కాస్త ఇబ్బందిగా ఉంది, నెట్టుకొస్తున్నారు అని. గ్లోస్టర్‌షైర్ రెజిమెంట్ బెటాలియన్ కొండ మీదే చిక్కుపడిపోయింది, బతికినవాళ్ళలో చాలామంది ఖైదీలయ్యారు. ఇద్దరి మాతృభాషా ఇంగ్లీషే. మనకి తెలియలేదని సిగ్గుపడాల్సిన పనేముంది?

దీనికి మందు అంకె. "బిట్ సోర్" అనగానే సున్నా నుంచి పది దాకా ఎంత అని అడగడం, కదిలినప్పుడు ఎంత అని ఇంకోసారి అడగడం. ఆమెకి ఇది పద్ధతిగా తెలుసు, ఓస్కీలో చేసి చూపించారు కూడా. "నాట్ టూ బ్యాడ్" వినగానే ఇంక అడగక్కర్లేదని వదిలేస్తున్నారు, అంతే. రెండు మూడు వారాల్లో ఇది గాడిన పడింది.

అండీ ఎక్కడికి పోయింది

ఇప్పటిదాకా ఆమె వినే వైపు. అనే వైపు కూడా ఒకటుంది. పేషెంట్లు కొందరు ఆమెని కాస్త కరుకు మనిషి అనుకుంటున్నారని సీనియర్ చెప్పారట. ఆమె చాలా నొచ్చుకున్నారు. నాతో మాట్లాడితే అంత మెత్తని మనిషి.

కారణం "అండీ". చెయ్యి ఎత్తండి, నోరు తెరవండి, ఇటు తిరగండి. తెలుగులో క్రియ చివరే మర్యాద ఉంది. దాన్నే ఇంగ్లీషులోకి తెస్తే "లిఫ్ట్ యువర్ హ్యాండ్, ఓపెన్ యువర్ మౌత్, టర్న్ దిస్ సైడ్" అవుతుంది. అండీ రాలిపోయి ఆజ్ఞ మిగిలింది. "ప్లీజ్" తగిలించినా మర్యాదగల ఆజ్ఞే.

ఇంగ్లీషువాళ్ళ అండీ చిన్న చిన్న వాడుక మాటల్లో ఉంటుంది. "పాప్" అనే క్రియ దీనికి రాజు. పాప్ యువర్ స్లీవ్ అప్, పాప్ అప్ ఆన్ ద బెడ్, ఐ విల్ జస్ట్ పాప్ దిస్ అండర్ యువర్ టంగ్. చిన్న పని, అయిపోతుంది, కంగారు లేదు అనే భావం ఒక్క మాటలో వస్తుంది. దానికి "ఫర్ మీ" తోడు. "కెన్ యూ జస్ట్ పాప్ యువర్ ఆర్మ్ అవుట్ ఫర్ మీ?" అని ఆమెతో పదే పదే అనిపించాను. మొదట్లో నాటకంలా ఉందని ఆమె గొడవ. నాటకమే, కొత్త భాషలో ప్రతి మర్యాదా కొన్నాళ్ళు నాటకమే.

పిలుపులు కూడా ఇక్కడే చెప్పాలి. ముసలాయన "లవ్" అన్నప్పుడు ఆమెకి ఒళ్ళు జలదరించిందట. యార్క్‌షైర్‌లో బస్సు డ్రైవరూ అంటాడు, కొట్టు ఆవిడా అంటుంది. మనం చిన్నవాళ్ళని "అమ్మా" అన్నట్టే. తిరిగి ఆమె వాళ్ళని "అంకుల్" అనలేరు. ఏమని పిలవమంటారు అని అడగడమే పద్ధతి. ముందు తన పేరు చెప్పాలి. యార్క్‌షైర్‌లోనే పనిచేసిన వృద్ధుల వైద్య నిపుణురాలు కేట్ గ్రేంజర్ తను క్యాన్సర్ పేషెంటుగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడవచ్చినవాళ్ళు పేరు కూడా చెప్పడం లేదని గమనించి, 2013లో "హలో మై నేమ్ ఈజ్" అనే ఉద్యమం మొదలుపెట్టారు. 2016లో ఆమె పోయారు. ఆ మాట ఇప్పటికీ ఎన్‌హెచ్‌ఎస్ నర్సుల బ్యాడ్జీల మీద కనబడుతుంది. ఇక మనవాళ్ళ "సిస్టర్" పిలుపు అక్కడ వార్డు నడిపే సీనియర్ హోదా. ఫోన్ ఎత్తి "సిస్టర్ స్పీకింగ్" అంటే లేని పదవి తగిలించుకున్నట్టే.

మన ఇంగ్లీషు మాటలు కొన్ని మార్చుకోవాల్సి వచ్చింది. "పేషెంట్ ఎక్స్‌పైర్డ్" అని బంధువులతో అనకూడదు, అక్కడ ఎక్స్‌పైర్ అయ్యేది పాల ప్యాకెట్. "లెగ్ ఈజ్ పెయినింగ్" బదులు "హర్టింగ్". "షుగర్ ఉంది" బదులు డయాబెటిస్. "కాట్" అంటే పసిపిల్లల ఉయ్యాల మంచం. ఇవి చెప్పగానే సర్దుకున్నాయి.

ఎంతవరకు వచ్చింది

ఆరో నెల రివ్యూలో పేషెంట్ల మాటలు పైకి చేరడం లేదన్న ఫిర్యాదు లేదు. హ్యాండోవర్‌లో ఆమె పేషెంటు మాటల్ని యథాతథంగా చెప్తారని, డాక్టర్లకి అది ఉపయోగపడుతోందని సీనియర్ అన్నారట. నా శిక్షణ వల్లే అంతా అయిందని చెప్పను. ఆర్నెల్లు వార్డులో ఉంటే ఎవరైనా కొంత నేర్చుకుంటారు, పక్క బెడ్ దగ్గరున్న ఆ అసిస్టెంటు దగ్గర నేర్చుకున్నది కూడా తక్కువేమీ కాదు. కానీ నోట్‌బుక్‌లో "అప్పుడు నేనేం చేశాను" గడిలో మొదటి నెల "నవ్వాను" అన్నదే ఎక్కువసార్లుంది, మూడో నెలకి "అడిగాను" వచ్చింది. నాకు అదే ముఖ్యం.

వెటకారం ఇంకా పట్టుబడలేదు. వర్షంలో తడిసొచ్చిన పోర్టర్ "లవ్లీ వెదర్" అంటే ఆమె ఇప్పటికీ కిటికీలోకి చూస్తారు. దాని వల్ల ఎవరికీ నష్టం లేదు, నేను పట్టించుకోను.

పట్టించుకోవాల్సింది చివరి రోజుల భాష. "వి ఆర్ కీపింగ్ హిమ్ కంఫర్టబుల్" అని డాక్టర్ అంటే ఇక నయం చేసే చికిత్స లేదు, బాధ లేకుండా చూడడమే అని అర్థం. అదే "కంఫర్టబుల్" ఫోన్‌లో బంధువుతో మామూలుగా అంటే కుదురుగా ఉన్నారని. ఒకే మాట, గొంతు బట్టి, సందర్భం బట్టి అటూ ఇటూ మారుతుంది. ఒక పాత నోట్‌లో "ఫర్ టీఎల్‌సీ" అని కనబడితే ఆమెకి ల్యాబ్ గుర్తొచ్చింది. మన ఆసుపత్రుల్లో టీఎల్‌సీ అంటే తెల్లరక్తకణాల లెక్క కదా. శాంపిల్ తియ్యాలా అని అడగబోయి, ముందు సీనియర్‌ని అడిగారు. అక్కడ టీఎల్‌సీ అంటే టెండర్ లవింగ్ కేర్. ఆ నోట్ ప్రకారం ఆయనకి ఇక సూదులు గుచ్చకూడదు.

ఇప్పుడు సెషన్లు దీని మీదే నడుస్తున్నాయి. చావు గురించి ఇంగ్లీషులో ఎలా చెప్తారో కాదు, చెప్పకుండా ఎలా చెప్తారో వినడం మీద. నేను డాక్టర్‌ని, ఆమె నర్సు. నేను మెత్తగా ఏదో అంటాను, "సో ఈజ్ ద ప్లాన్ కంఫర్ట్ ఓన్లీ, ఆర్ ఆర్ వి స్టిల్ ట్రీటింగ్?" అని ఆమె మొహమాటం లేకుండా అడగాలి. నిన్నటి సెషన్‌లో ఆ ప్రశ్న తడబడకుండా వచ్చింది. తర్వాత ఇదే ఫోన్‌లో, మొహం కనబడకుండా చెయ్యాలి.